కొండెక్కిన కాలేజీ

"ఉత్తర దీవుల సాంకేతిక కళాశాల ఇకమీదట భవనం కాదు, ఒక అనుభవం!" అని డిజిటల్ ప్రగతి శాఖ మంత్రివర్యులు సకియూసా గారు ప్రకటించిన రోజున ఆ భవనం కప్పు మూడుచోట్ల కురుస్తోంది. మంత్రిగారికి అడుగు దూరంలో ఒక బకెట్టు, వెనకాల ఇంకొకటి, ప్రిన్సిపాలు గారి కాళ్ళ దగ్గర మూడోది, టప్పుటప్పుమంటూ తాళం వేస్తున్నాయి. మంత్రిగారు చలించలేదు. భవనమే కానిదానికి కప్పేమిటి, అది కురవడమేమిటి? ఇంతటి ముందుచూపు ఉన్న నాయకుడు ఫిజీ మొత్తం మీద ఒక్కడే ఉండటం, ఆయనకి మా వనువా లేవు దీవే గుర్తుకు రావడం మేము పూర్వజన్మలో చేసుకున్నదాని ఫలం.

"ఇన్నాళ్ళూ తెలివి కోసం మీరు కాలేజీకి వచ్చారు. ఇకనుంచి తెలివే మీ ఫోన్లోకి వస్తుంది," అన్నారు మంత్రిగారు. పాఠాలు, హాజరు, పరీక్షలు, మార్కులు, సర్టిఫికెట్లు అన్నీ 'వుకు' అనే కొత్త ఆన్‌లైన్ సిస్టంలోకి వెళ్ళిపోతాయి. వుకు అంటే మా దీవుల మాటలో తెలివి. దానికి ఆ పేరు పెట్టింది మంత్రిగారే.

ఈ మహాయజ్ఞానికి సారథి షలేంద్ర మాస్టారు. ఇరవై ఆరేళ్ళుగా కాలేజీలో పడవ ఇంజన్ల రిపేరు నేర్పుతున్నాడు. ఆ మధ్య ప్రిన్సిపాలు బిసున్ డియో గారి ఫోను బిగుసుకుపోతే తీసుకుని, ఆపి, మళ్ళీ ఆన్ చేసి ఇచ్చాడు. అంతే, తలరాత మారిపోయింది.

"ఏమోయ్ షలేంద్రా! ఇంత కంప్యూటర్ జ్ఞానం పెట్టుకుని ఇన్నాళ్ళూ గ్రీజు పూసుకుంటూ కూర్చున్నావా?" అని ప్రిన్సిపాలు గారు 'డిజిటల్ సారథి' అన్న బ్యాడ్జి అతని జేబుకి తగిలించారు. అబద్ధమెందుకు, షలేంద్ర మురిసిపోయాడు. భార్యకి చూపించాలని బ్యాడ్జితోనే ఇంటికెళ్ళాడు. ఆవిడ దాన్ని రెండువైపులా తిప్పి చూసి, "చొక్కా ఉతకడానికి వేసేటప్పుడు ఇది తీసెయ్యండి, మిషన్లో పడితే పాడైపోతుంది," అంది. ఏది పాడైపోతుందో చెప్పలేదు.

ప్రారంభోత్సవం మర్యాద ప్రకారం జరిగింది. చెక్క గంగాళంలో యంగోనా వేరు పొడి నీళ్ళలో కలిపారు. మంత్రిగారు చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆయన ముందు ఒక ల్యాప్‌టాప్, దాని తెర మీద నీలం రంగు బటన్. యంగోనా మొదలయ్యాక గంగాళం అడుగు కనబడేదాకా ఎవరూ లేవకూడదు, పెద్దల ముందు తల ఎత్తి నడవకూడదు. అదీ ఆచారం. పదిహేను నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే వుకు అలిగి తలుపేసుకుంటుంది. అది వుకు ఆచారం. రెండు ఆచారాల మధ్య షలేంద్ర దొరికాడు.

మొదటి కొబ్బరి చిప్ప మంత్రిగారికి వెళ్ళింది. చప్పట్లు కొట్టి తాగారు. రెండోది ఊరి పెద్దకి, మూడోది పాదిరీ గారికి. ఆరో చిప్పకి తెర నల్లబడింది. షలేంద్ర మోకాళ్ళ మీద పాకుతూ, "తిలో, తిలో" అని అందరికీ క్షమాపణ చెప్పుకుంటూ వెళ్ళి, పాస్‌వర్డు కొట్టి, మళ్ళీ పాకుతూ వచ్చి చోట్లో కూర్చున్నాడు. పన్నెండో చిప్పకి మళ్ళీ పాకాడు. మూడోసారికి ప్యాంటు మోకాళ్ళ మీద చాప అల్లిక అచ్చుపడింది. నాలుగోసారి వుకు అతన్ని లోపలికి రానివ్వకుండా, 'మీరు మనిషేనా? రుజువు చెయ్యండి' అని అడిగింది. నలుగురి మధ్య నాలుగు కాళ్ళ మీద ఉన్నవాణ్ణి ఆ ప్రశ్న అడగడం న్యాయమే అనుకున్నాడు షలేంద్ర.

"ఏమైందోయ్?" అని ప్రిన్సిపాలు గారు గుసగుసగా అడిగారు.

"మనిషినని నమ్మట్లేదు సార్."

"అంటే, సిస్టం ఒప్పుకోవట్లేదన్నమాట," అని ఆయన మంత్రిగారి చెవిలో గంభీరంగా చెప్పారు.

మంత్రిగారు కంగారుపడే రకం కాదు. గంగాళం అడుగు కనబడగానే లేచి, వెనకాల గోడకి కట్టిన బ్యానరు దగ్గరికి నడిచి, గుడ్డ మీద అచ్చువేసిన నీలం బటన్ని బొటనవేలితో గట్టిగా నొక్కారు. చప్పట్లు మోగాయి. కెమెరాలు మెరిశాయి. ఆ విధంగా మా కాలేజీ కొత్త యుగంలోకి అడుగుపెట్టింది.

ఆ వారం నుంచి కాలేజీలో నమస్కారానికి బదులు 'సిస్టం ఒప్పుకోవట్లేదు' అన్న మాట వాడుకలోకి వచ్చింది. టైం టేబులు రాలేదా? సిస్టం ఒప్పుకోవట్లేదు. వెల్డింగు మాస్టారు క్లాసుకి రాలేదా? సిస్టం ఒప్పుకోవట్లేదు. క్యాంటీన్లో కసావా దుంప ఉడకలేదని అడిగితే వంటావిడ కూడా అదే అంది. షలేంద్ర మాత్రం పళ్ళు కొరుక్కునేవాడు. 'చేతకానితనానికి ఎంత మర్యాదైన పేరు దొరికింది వీళ్ళకి! చచ్చినా ఆ మాట నా నోట రానివ్వను' అని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్లు పెట్టుకోవడంలో అతను మొదటినుంచీ దిట్ట.

అతని ఇరవై ఆరేళ్ళ చదువూ వుకులోకి ఎక్కాలి. షలేంద్ర పరీక్షలో కాగితం ఉండేది కాదు. విద్యార్థి కళ్ళకి గంతలు కట్టి, ఇంజన్ నడిపించి, చప్పుడు విని జబ్బేమిటో చెప్పమనేవాడు. వుకులో చప్పుడికి చోటు లేదు, గంతలకి అసలే లేదు. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, అంతే. కూర్చుని ఎనభై ప్రశ్నలు తయారుచేశాడు. తర్వాత తన చేత్తో రాసుకున్న పాత నోట్సు, తొంభై ఆరు పేజీలు, ఫొటోలు తీసి ఎక్కించాడు. కొన్ని పేజీల్లో అక్షరాల కంటే గ్రీజు వేలిముద్రలే స్పష్టంగా వచ్చాయి. ఒక్కో పేజీ మూడు నిమిషాలు తెరిచి ఉంచితేనే 'చదివినట్టు' అని వుకు లెక్క.

"అద్భుతం!" అన్నారు ప్రిన్సిపాలు గారు. "ఇంజన్ ముట్టుకోకుండా ఇంజన్ రిపేరు! ఇలాంటిది లోకంలో ఎక్కడైనా ఉందా?"

"లేదు సార్," అన్నాడు షలేంద్ర, నిజాయితీగా.

పడవ ఇంజన్ల కోర్సుకి నుకుసిగ దీవి నుంచి ఇరవై ముగ్గురు చేరారు. ఆ దీవికి కాలేజీ నుంచి పడవలో మూడు గంటలు. అంతమంది ఎందుకు చేరారంటే, చేరినవాళ్ళకి ప్రభుత్వం ఎర్ర రంగు పనిముట్ల పెట్టె ఉచితంగా ఇచ్చింది. పెట్టె గట్టిది, మూత బిగుతుగా పడుతుంది. బిస్కెట్లు మెత్తబడవు.

ఆ ఇరవై ముగ్గురిలో పెట్టె కోసం చేరని మనిషి ఒక్కతే ఉంది. పేరు విలిమైనా. నలభై ఒక్క ఏళ్ళు. మూడేళ్ళ క్రితం ఆవిడ భర్త ఎపెలి చేపలకి వెళ్తే నడి సముద్రంలో ఇంజన్ ఆగిపోయింది. నాలుగు రోజులు కొట్టుకుపోయాడు. రెండు కొబ్బరికాయలూ, వానచుక్కలూ అతన్ని బతికించాయి. ఒకప్పుడు సముద్రం నా పెరడు అన్న మనిషి ఇప్పుడు మొలలోతు దాటి దిగడు. దీవిలో ఇంజన్ విప్పడం తెలిసినవాడు ఒక్కడూ లేడు. "ఇంకొకడు అలా పోకూడదు," అని విలిమైనా ఆ చచ్చిన ఇంజన్ని వంటింటి వెనకాల దుంగ మీద బిగించి కూర్చుంది. కోర్సు మొదలైన ఏడే నుకుసిగకి ప్రభుత్వ పడవల మెకానిక్కు ఉద్యోగం మంజూరైంది. ఆసుపత్రి పడవ, బడి పడవ చూసుకోవాలి. సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళకే ఇస్తారు.

విలిమైనాకి ఆ ఉద్యోగం కావాలి. చూసినవాళ్ళందరికీ తెలిసేంతగా కావాలి.

షలేంద్ర టర్ముకి ఒకసారి దీవికి తనిఖీకి వెళ్ళాలి. వెళ్ళేముందు వుకు తెర మీద నుకుసిగ హాజరు చూశాడు. ఇరవై ముగ్గురికీ నూటికి నూరు శాతం. తప్పిపోయిన రోజు లేదు. పరీక్షల్లో అందరికీ తొంభై పైనే. అతని గుండె ఉప్పొంగింది. 'నా ప్రశ్నల్లో ఏదో మహత్తు ఉందిరా' అనుకుంటూ పడవెక్కాడు.

దిగేసరికి ఇరవై ఇద్దరు విద్యార్థులూ ఒడ్డున వల బాగుచేసుకుంటున్నారు.

"బులా మాస్టారూ! రండి రండి!"

"క్లాసులో ఉండాల్సిన టైము కదర్రా ఇది?"

"క్లాసులోనే ఉన్నాం మాస్టారూ," అన్నాడు ఒక పెద్దమనిషి, నోట్లోంచి దారం తీసి. "అదుగో, కొండ మీద."

దీవిలో ఫోను సిగ్నలు ఒక్కచోటే దొరుకుతుంది. కొండ కొమ్మున, ఒక బండరాయి మీద. షలేంద్ర రొప్పుకుంటూ ఎక్కాడు. రాయి మీద విలిమైనా కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను, పక్కన పొడుగాటి చీటీ. చీటీ మీద ఇరవై మూడు పేర్లు, ఇరవై మూడు పాస్‌వర్డులు.

"ఇదేమిటమ్మా?"

ఆవిడ ఎండకి చెయ్యి అడ్డుపెట్టుకుని చూసింది. "వాళ్ళు కెరెకెరె అన్నారు మాస్టారూ."

ఇక షలేంద్రకి వేరే చెప్పాల్సిన పనిలేదు. మా దీవుల్లో అయినవాళ్ళు వచ్చి 'కెరెకెరె' అని అడిగితే లేదనకూడదు. పడవ అడిగితే పడవ ఇవ్వాలి, చొక్కా అడిగితే విప్పి ఇవ్వాలి. అడిగేవాడికి సిగ్గు లేదు, ఇచ్చేవాడికి లెక్క లేదు. మొదట మేనబావ వచ్చి, "మరదలా, కెరెకెరె, కొండెక్కితే నా మోకాలు పట్టేస్తోంది, నాది కూడా నొక్కేద్దూ," అన్నాడు. తర్వాత అతని తమ్ముడు. తర్వాత పాదిరీ గారి అల్లుడు. ఆఖరికి ఊరి పెద్దే వచ్చి పాస్‌వర్డు చెప్పి వెళ్ళాడు. రోజూ పొద్దున్నే విలిమైనా కొండెక్కి, ఒకరి తర్వాత ఒకరిగా అందరిలోకీ దూరి, పాఠం తెరిచి, జవాబులు కొట్టి దిగుతోంది.

"అంటే ఒకే పాఠం ఇరవై మూడుసార్లా?"

"పేజీ మూడు నిమిషాలు తెరిచి ఉంచాలి కదా మాస్టారూ. ఊరికే కూర్చోవడం దేనికని చదువుతూ ఉంటాను. నలభయ్యో పేజీలో మీ వేలిముద్ర కింద ఒక మాట పోయింది. పదిహేడోసారి చదివేటప్పుడు అదేమిటో పట్టేశాను. 'సున్నితంగా' కదూ?"

షలేంద్ర నోట్సు షలేంద్రే ఒక్కసారి కూడా తిరగేసి చదవలేదు. ఆవిడ కిందకి తీసుకెళ్ళి వంటింటి వెనకాల దుంగ మీది ఇంజన్ చూపించింది. తాడు ఒక్క లాగు లాగితే పలికింది. షలేంద్ర కళ్ళు మూసుకుని విన్నాడు. ఏ జబ్బూ లేదు.

"చాలా తప్పు పని చేస్తున్నావమ్మా," అన్నాడు చివరికి. డిజిటల్ సారథిగా అనాలి కాబట్టి.

"నిజమే మాస్టారూ."

"నిబంధనలకి విరుద్ధం."

"అవును మాస్టారూ."

షలేంద్ర సముద్రం వైపు తిరిగాడు. షలేంద్ర జేబులో ఒక కాగితం ఉంది. అధ్యాపకులంతా వుకులో నలభై గంటల 'డిజిటల్ బోధన' శిక్షణ పూర్తిచెయ్యాలని ఉత్తర్వు. ప్రిన్సిపాలు గారు తన పాస్‌వర్డు చీటీ మీద రాసి, "కెరెకెరె షలేంద్రా, నాది కూడా నువ్వే కానిచ్చెయ్," అని అతనికి ఇచ్చి రెండు వారాలైంది. షలేంద్ర తనదే మొదలుపెట్టలేదు.

"ఇరవై మూడు చేసేవాళ్ళకి ఇంకో రెండు పెద్ద బరువేం కాదనుకుంటా," అన్నాడు, సముద్రాన్ని చూస్తూనే. "కెరెకెరె."

విలిమైనా చీటీ అడుగున ఇంకో రెండు గీతలు గీసి, పెన్సిలు అతనికే అందించింది. షలేంద్ర తన పాస్‌వర్డూ, దాని కింద ప్రిన్సిపాలు గారిదీ రాసిచ్చాడు.

టర్ము ముగిసేసరికి నుకుసిగ దేశానికే ఆదర్శం అయింది. 'నూటికి నూరు దీవి' అని పేపర్లలో పడింది. మంత్రిగారు స్వయంగా వచ్చి సర్టిఫికెట్లు పంచుతామన్నారు. ఒక మంగళవారం పొద్దున ప్రభుత్వ పడవలో మంత్రిగారు, ఆయన కార్యదర్శి, షలేంద్ర దీవిలో దిగారు. ప్రిన్సిపాలు గారికి పడవ పడదు కాబట్టి ఆశీస్సులు పంపారు. షలేంద్ర ల్యాప్‌టాపు నెత్తి మీద పెట్టుకుని నీళ్ళలో నడిచి ఒడ్డుకి చేరాడు. తడిస్తే జవాబుదారీ అతనిదని సంతకం తీసుకున్నారు మరి.

ఇరవై ఇద్దరికి సర్టిఫికెట్లు అందాయి. ల్యాప్‌టాపులో ముందే దింపుకున్న వుకు జాబితా విలిమైనా పేరు దగ్గర ఎర్రబడింది. 'ఒకే ఫోను నుంచి ఇరవై ఐదుగురు వచ్చారు. ఫోను సొంతదారు ఖాతా ఆపడమైనది. తక్కిన ఇరవై నలుగురు బాధితులుగా గుర్తించబడ్డారు.'

బాధితులు సర్టిఫికెట్లు పట్టుకుని ఫొటో దిగారు. షలేంద్ర కూడా బాధితుల వరసలో నిలబడ్డాడు. విలిమైనా వంటలు చేసేవాళ్ళతో కలిసి నేలలో తవ్విన పొయ్యి మీది ఆకులు తీస్తోంది. అతను ఆ వైపు చూడలేదు.

"ఈ రోజు నుంచి సర్టిఫికెట్టు లేని చెయ్యి ప్రభుత్వ ఇంజన్ మీద పడటానికి వీల్లేదు!" అని మంత్రిగారు అక్కడికక్కడే ఉత్తర్వు మీద సంతకం చేశారు. భోజనాలయ్యాక పడవెక్కారు. పడవ యాభై గజాలు వెళ్ళి, దగ్గి, ఆగిపోయింది. నడిపేవాడు తాడు లాగాడు. పలికి, మళ్ళీ ఆగింది. కెరటం పడవని మెల్లగా పగడపు రాళ్ళ వైపు తోస్తోంది.

"సర్టిఫికెట్లున్న మెకానిక్కులెవరయ్యా?" అని మంత్రిగారు కేకేశారు.

ఒడ్డున ఇరవై రెండు చేతులు లేచాయి. ప్రతి చేతిలోనూ ఒక సర్టిఫికెట్టు.

"అయితే చెప్పండి, దీనికేమైంది?"

చేతులు దిగాయి. మేనబావ గొంతు సవరించుకున్నాడు. "నాలుగు జవాబులు మీరు చెప్పండి సార్, అందులో ఒకటి మేము చెప్తాం."

షలేంద్ర పడవలోనే ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళ అనుభవం అతనిది. కాకపోతే రెండు చేతులతోనూ ల్యాప్‌టాపు నెత్తి మీద పట్టుకుని ఉన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలా అని అతను చోటు వెతుకుతూండగానే విలిమైనా నడుముకి చుట్టుకున్న సులూ మోకాళ్ళ పైకి దోపుకుని నీళ్ళలోకి దిగింది. భుజాల్లోతు దాకా వచ్చి పడవ అంచు పట్టుకుంది. పెట్రోలు ట్యాంకు మూత మీద, గాలి వెళ్ళడానికి ఉండే చిన్న మరని రెండు చుట్లు తిప్పింది. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వినబడింది. గొట్టం మధ్యనున్న రబ్బరు బంతిని నాలుగుసార్లు పిసికింది.

"ఇప్పుడు లాగు."

ఇంజన్ పలికింది. ఒడ్డు నుంచి ఎపెలి, మొలలోతు నీళ్ళు దాటి రొమ్ములోతు దాకా వచ్చేసి, పిచ్చివాడిలా చప్పట్లు కొడుతున్నాడు. తానెంత లోతుకి వచ్చాడో అతనికే తెలియలేదు. షలేంద్ర కళ్ళు తడిశాయి. ఉప్పునీళ్ళు చిందాయని సరిపెట్టుకున్నాడు.

"భేష్!" అన్నారు మంత్రిగారు. "నీ సర్టిఫికెట్టు నంబరెంతమ్మా?"

"లేదు సార్."

కార్యదర్శి డైరీ తీసి రాసుకున్నాడు. ఉత్తర్వు మీద సిరా ఇంకా ఆరనే లేదు, అప్పుడే ఉల్లంఘన! ఇంత వేగంగా అమలైన చట్టం మా దేశ చరిత్రలో ఇంకోటి ఉండదు.

బుధవారం పొద్దున్నే వుకులో విచారణ పడింది. విలిమైనా మీద రెండు అభియోగాలు: ఇరవై నలుగురిగా నటించడం, ప్రభుత్వ ఇంజన్ని బాగుచెయ్యడం. నిబంధనల ప్రకారం విచారణాధికారి డిజిటల్ సారథే. నివేదిక శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా రావాలి. మెకానిక్కు ఉద్యోగానికి దరఖాస్తు గడువు కూడా అదే. అప్పటికి ఖాతా తెరుచుకుని సర్టిఫికెట్టు రాకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఒడ్డున వల బాగుచేసుకునే బాధితుల్లో ఎవరికో ఒకరికి.

"ఆవిణ్ణి ఎలాగైనా గట్టెక్కించాలి," అనుకున్నాడు షలేంద్ర. ఈసారి నిజంగానే అనుకున్నాడు. విచారణ పేజీ తెరిచాడు. 'విచారణాధికారిగా వ్యవహరించుటకు ముందు ఆరు పాఠముల శిక్షణ పూర్తిచెయ్యవలెను' అంది వుకు. మొదటి పాఠం మొదటి ప్రశ్నకి తప్పు జవాబు కొట్టాడు. రెండోసారీ తప్పే. మూడోసారి పాస్‌వర్డు అడిగింది. అతని పాస్‌వర్డు అతనికి తెలియదు. మార్చినప్పుడల్లా మార్చింది విలిమైనానే.

గురువారం ఫోను చేశాడు.

"విలిమైనమ్మా, నీ మీద విచారణకి నేనే అధికారిని."

"వినాకా మాస్టారూ, మంచి మాట చెప్పారు."

"దానికి ముందు ఏవో ఆరు పాఠాలున్నాయిట." గొంతు తగ్గించి, "కెరెకెరె," అన్నాడు.

అవతల నవ్వింది. "రాయి మీదే ఉన్నాను మాస్టారూ. నివేదిక కూడా మీ పేరుతో రాసి పెట్టమంటారా? మీరు చదివి, నచ్చితేనే పంపండి."

శుక్రవారం నాలుగున్నరకి షలేంద్ర కాలేజీలో తన గదిలో కూర్చుని, ఆవిడ చెప్పిన పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళాడు. నివేదిక సిద్ధంగా ఉంది.

'ఈ కాలేజీలో పాఠాలు చదివిన మనిషి ఒక్కతే. ఆవిడ పేరు విలిమైనా. ఇరవై ఇద్దరు విద్యార్థులు చదవలేదు, ఆవిణ్ణి అడిగారు. ప్రిన్సిపాలు గారు చదవలేదు, నన్ను అడిగారు. నేనూ చదవలేదు, ఆవిణ్ణే అడిగాను. ఎవరికీ లేదనకపోవడం ఆవిడ తప్పు. మంత్రిగారి పడవ రాళ్ళకి కొట్టుకోకపోవడం కూడా ఆవిడ తప్పే. ఇంజన్ మెకానిక్కు సర్టిఫికెట్టు ఇవ్వడానికి ఇంజన్ బాగుచెయ్యడం వచ్చి ఉంటే చాలునని నా అభిప్రాయం. ఖాతా వెంటనే తెరవాలి. ఇట్లు, షలేంద్ర, విచారణాధికారి.'

రెండుసార్లు చదివాడు. ఇంత సూటిగా రాయడం తనకి ఎప్పుడు అబ్బిందా అని ముచ్చటేసింది. ఒక్క మాట అబద్ధం లేదు. కింద నీలం బటన్: పంపుము.

వేలు బటన్ దాకా వెళ్ళింది. 'నేనూ చదవలేదు' అన్న చోట కళ్ళు ఆగాయి. ఇంకో నాలుగేళ్ళలో రిటైర్మెంటు. ఆ ఒక్క వాక్యం తీసేస్తే? తీసేస్తే ప్రిన్సిపాలు గారిది మాత్రం మిగులుతుంది, అది ఇంకా ప్రమాదం. రెండూ తీసేస్తే? అప్పుడు ఆవిడ ఒక్కతే దొంగ అవుతుంది. వేలు వెనక్కి వచ్చింది. బ్యాడ్జి వంకరగా ఉందనిపించి సరిచేసుకున్నాడు. లేచి టీ పెట్టుకున్నాడు. భుజాల్లోతు నీళ్ళలో నిలబడ్డ విలిమైనా గుర్తొచ్చింది. 'ఛీ, నీదీ ఒక బతుకేనట్రా' అని తనని తానే తిట్టుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. పంపడానికే కూర్చున్నాడు. ఒక్క నిమిషం ఆలోచించి పంపుదామనుకున్నాడు.

తెర నల్లబడింది. 'పదిహేను నిమిషములు గడిచినవి. మీరు బయటకు పంపబడితిరి.'

గడియారం చూశాడు. ఐదుకి తక్కువ పది. మళ్ళీ లోపలికి వెళ్ళడానికి పది నిమిషాలు చాలు. షలేంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు. ఒళ్ళంతా ఒక రకమైన హాయి పాకింది. ఆ హాయి ఎందుకో తెలిసి సిగ్గేసింది. సిగ్గేసినా హాయి తగ్గలేదు.

ఫోను మోగింది.

"మాస్టారూ, పంపారా?"

అవతల కొండ గాలి హోరుమంటోంది.

"సిస్టం ఒప్పుకోలేదమ్మా," అన్నాడు.

అన్నాక గానీ తెలియలేదు, ఆ మాటన్నది తన గొంతేనని.

"ఫర్వాలేదు మాస్టారూ," అంది విలిమైనా. "ఆరో పాఠంలో ఉందిగా. విచారణాధికారి నివేదిక తెరిచి పదిహేను నిమిషాల్లో తేల్చకపోతే, రాసింది రాసినట్టు ఫైలు ప్రిన్సిపాలు గారికి వెళ్ళిపోతుందని. మీరు నిదానం మనిషి కదా, అందుకే కొండ దిగకుండా కూర్చున్నాను."

షలేంద్ర కుర్చీలోంచి లేచాడు. "ప్రిన్సిపాలు గారా? అమ్మా, అందులో ఆయన గురించి ఉందే! ఆయన చచ్చినా ఒప్పుకోరు!"

"ఒప్పుకున్నారు మాస్టారూ."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. నా ఖాతా తెరుచుకుంది, సర్టిఫికెట్టు వచ్చింది, దరఖాస్తు కూడా పెట్టేశాను. మీకూ ఏదో రాశారు, చూసుకోండి."

కంప్యూటరు టింగుమంది. 'షలేంద్రా, తప్పు ఒప్పుకోవడానికి చాలా గుండె ఉండాలి. నీ నిజాయితీ నన్ను కదిలించింది. నా తప్పు కూడా ఒప్పుకుంటున్నాను. నకలు మంత్రిగారికి పంపడమైనది. బిసున్ డియో, ప్రిన్సిపాలు.'

కొండ మీది చీటీ అడుగున తాను రాసిచ్చిన రెండో పాస్‌వర్డు గుర్తొచ్చి, షలేంద్ర కిటికీలోంచి బయటికి చూశాడు. వాన పట్టుకుంది. ప్రిన్సిపాలు గారు వరండాలో ప్యాంటు పైకి మడుచుకుని, నిండిన బకెట్టు రెండు చేతులతో ఎత్తి, నీళ్ళు మొక్కల్లో పారబోస్తున్నారు.